డెబ్బై నాలుగుకి అరవై నాలుగు

వంతెన మీదుగా నీళ్లు పారి, గోదాములో డ్రమ్ములు తేలిన వరద ఏడాదే జరిగింది ఇది. వానలు వెనకబట్టి నెల దాటాక ఒక మధ్యాహ్నం, రాగి గని పరీక్షగదిలో, గోడవార బల్ల మీద దీపాలాయన కూర్చుని ఉన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా గనిలో దీపాల గది ఆయన చేతుల్లోనే ఉంది కాబట్టి అసలు పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఎదురుగా ఆరబెట్టే ఇనప పెట్టె ఉంది. దాని తలుపుకి చిన్న అద్దం, అద్దం వెనక రేకు పళ్లెం, పళ్లెంలో పల్చగా పరిచిన బూడిద. ఆ బూడిద ముప్పై ఏడో నంబరు దీపంలోది. ముప్పై ఏడో నంబరు దీపం ఆయన అల్లుడిది. మూడు రోజుల కింద గని అడుగున, షిఫ్టు ఇంకా రెండు గంటలు మిగిలి ఉండగానే ఆ దీపం ఆరిపోయింది. వెనకాల నడుస్తున్న జతగాడు, అందరూ పొడుగోడు అని పిలిచే మనిషి, చీకట్లో చెక్క పలక మీంచి పక్కకి అడుగేసి నీళ్ల గుంటలో పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు తేలాల్సింది ఒకటే. దీపంలో కార్బైడు, అంటే నీళ్లు తగిలితే మండే గ్యాసునిచ్చే రాయి, నిండుగా పోసి ఇచ్చారా, లేదా. నిండుగా పోసి ఉంటే, మంట పెద్దది చేసుకుని రెండు గంటల ముందే రాయంతా తగలేసిన అల్లుడిది తప్పు, రేపట్నుంచి అతన్ని గని గేటు దాటనివ్వరు. పోయకపోతే పోసిన చేతిది తప్పు. ఆ చెయ్యి ఇప్పుడు మోకాలి మీద బోర్లా పడుకుని ఉంది, వేళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని తెల్లటి గీతలతో.

పరీక్షలమ్మ, అంటే రాయిలో రాగి ఎంతుందో తేల్చే ఆవిడ, మొదట బూడిద మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూసింది. బుడగ రాలేదు, వాసన రాలేదు. రాయి పిసరు కూడా మిగల్లేదు, అంతా నీళ్లు తాగి గ్యాసు ఇచ్చేసింది. దీపంలో నీళ్లు పోసుకోవడం తీసుకెళ్లేవాడి వంతు కాబట్టి, నీళ్లు చాలక ఆరిందన్న మాట అక్కడితో పోయింది, అల్లుడికి ఒక గండం తప్పింది. తర్వాత ఆవిడ కాగితం మీద నాలుగు అంకెలు వేసి ఆయన ముందుకి జరిపింది. అరవై నాలుగు గ్రాముల కార్బైడు ముప్పై ఆరు గ్రాముల నీళ్లు తాగితే, ఇరవై ఆరు గ్రాముల గ్యాసు పైకి పోతుంది, డెబ్బై నాలుగు గ్రాముల సున్నప్పిండి అడుగున మిగులుతుంది. మూడో తరగతితో బడి మానేసినా కూడికలు వచ్చు ఆయనకి. అటు కూడితే వంద. ఇటు కూడితే వంద. ఇంకోసారి వేలి కణుపుల మీద కూడాడు, మళ్లీ వందే. ఎనిమిది గంటల షిఫ్టుకి దీపానికి పడాల్సింది రెండొందల యాభై ఆరు గ్రాములు, అంటే నాలుగు అరవై నాలుగులు. నాలుగు అరవై నాలుగులు పోస్తే నాలుగు డెబ్బై నాలుగులు మిగలాలి, రెండొందల తొంభై ఆరు. ఆవిడ అన్నది ఇంతే. "తడి ఆరాక రెండొందల తొంభై ఆరు దగ్గర ఆగితే మీరు నిండుగా పోసినట్టు, పెద్దాయనా. ఇంకా కిందికి దిగితే పోయనట్టు. రెండుసార్లు తూచినా ఒకే బరువు వచ్చిందంటే ఆగినట్టే." కొత్త డ్రమ్ములోంచి అరవై నాలుగు గ్రాములు తీసి పొద్దున తనే నీళ్లు పోసి చూసిందట, డెబ్బై అయిదు వచ్చిందట. రాయిలో ముందే కాస్త సున్నం కలిసి ఉంటుంది కాబట్టి ఆ ఒక్కటీ ఎక్కువ, దాన్ని పట్టించుకోనక్కర్లేదంది.

పది నిమిషాలకోసారి తూకం. మొదటిది మూడొందల తొంభై. పళ్లెం మళ్లీ పెట్టెలోకి వెళ్లింది, తలుపు పడింది, అద్దం మీద ఆవిరి పట్టింది. సాక్షిగా కూర్చున్న మేస్త్రి పాత కాగితం మడిచి విసురుకుంటూ, బూడిదని చూడ్డానికి ముగ్గురు మనుషులు సెలవు పెట్టినట్టుంది మన వ్యవహారం అన్నాడు, ఎవరూ నవ్వలేదు. కిటికీలోంచి బయట మెట్ల మీద కూర్చున్న అల్లుడి మెడ కనిపిస్తోంది, వెనక నుంచి, కాలరు దగ్గర ఎర్రదుమ్ము. లోపలికి రమ్మని మేస్త్రి పిలిచాడు, రాలేదు. రాకపోవడమే మంచిదనుకున్నాడు దీపాలాయన, ఎదురుగా కూర్చుంటే మొహం చూడాలి, మొహం చూస్తే ఏదో ఒకటి మాట్లాడాలి, ఏం మాట్లాడతాడు, మూడు రోజులుగా మాట్లాడనివాడు. ఇంట్లో ఆవిడ ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది, మాటలకి కూడా ఒక డబ్బా కొలత పెట్టుకున్నావా, ఉదయం సగం సాయంత్రం సగం పోస్తావు అని. గనిలో వాళ్లు ఇంకోరకంగా అనేవాళ్లు, ఈయన దగ్గర దీపం ఎంతో మనిషీ అంతే, పైన మర తిప్పితే గానీ చుక్క పడదు అని. నిజమే. దీపం అలాగే చేశారు. పైన నీళ్ల గిన్నె, కింద రాళ్ల గిన్నె, మధ్యలో చిన్న మర. మర సగం తిప్పితే చుక్క తర్వాత చుక్క, రాయి మెల్లగా ఉడుకుతుంది, మంట బొటనవేలంత, తెల్లగా, ఎనిమిది గంటలు. మర పూర్తిగా తిప్పితే మంట జానెడు. చూడ్డానికి బావుంటుంది. అయిదు గంటలు.

అల్లుడిది జానెడు మంట. పెళ్లయిన కొత్తలో, అంటే ఇంకా అల్లుడు అన్న పిలుపు నోటికి అలవాటు కాని రోజుల్లో, గని నోటి దగ్గర నలుగురిలో అతని దీపం చేతిలోంచి లాక్కుని మర బిగించి తిరిగి ఇచ్చాడు ఈయన, ఒక్క మాట అనకుండా. అతను నవ్వాడు. నాకు మొహాలు కనపడాలి మామయ్యా, బొటనవేలంత మంటలో మనుషులు కూడా బొటనవేళ్లలాగే ఉంటారు అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఈయన నవ్వలేదు, ఇంటికి వెళ్లాక కూడా నవ్వలేదు, మంట పెద్దదిగా పెట్టుకునే మనిషి ఇల్లు ఎలా నడుపుతాడు అని ఆవిడతో అన్నాడు, ఆవిడ గిన్నెలు తోముతూ, దీపం మర చూసి పిల్లనివ్వాల్సింది, మర్చిపోయాం అంది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు మేస్త్రి కూడా అతన్ని మందలించాడు మంట గురించి. అందుకే మొన్న దీపం ఆరిందనగానే గని మొత్తం ఒక్క నోటితో అనేసింది, ఇంకేముంది, మంట పెంచుంటాడు అని. ఎవరూ దీపాల గది వైపు చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క దీపం కూడా తక్కువ పడలేదు కదా. పెద్ద ఇంజనీరు పిలిపించి, ఏమయ్యా, ఆ రోజు నిండుగానే పోశావు కదా, ఊ అను చాలు, రాసుకుని మూసేస్తాను అన్నాడు. ఊ అనడం ఎంత సేపు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన ఎక్కువగా పలికిన మాటే అది. ఆ రోజు రాలేదు.

ఎందుకు రాలేదో తనకే తెలీదు. పోయలేదని తెలిసి కాదు. పోశానని తెలిసీ కాదు. గుర్తులేదు, అంతే. రోజూ నలభై రెండు దీపాలు. డబ్బా డ్రమ్ములో ముంచడం, అరచేతితో పైన సాపు చెయ్యడం, బల్లకేసి రెండు తట్టులు తట్టడం, గిన్నెలో పోయడం, మూత బిగించడం, కొక్కేనికి తగిలించడం. ఇరవై ఏళ్ల కిందటి ఒక ఉదయం ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది, మూత రబ్బరు పట్టు తెగి దీపం ఆయన చేతిలోనే భగ్గుమని కనుబొమలు కాలిపోయిన ఉదయం, కూతురు అప్పుడు చిన్నది, ఇంటికెళితే గుర్తుపట్టక ఏడ్చింది. అది గుర్తుంది. మూడు రోజుల కిందటి ఉదయం లేదు. చేతికి గుర్తుంటుందేమో గానీ చేతికి నోరు లేదు. అందుకే ఆ సాయంత్రం అల్లుడు పొడుగోణ్ణి మోసుకొచ్చి, చల్లారిన దీపం గది కిటికీలోంచి లోపలికి అందించినప్పుడు, మిగతా వాటిలాగా బూడిద గుంటలో దులపకుండా, గుడ్డ చుట్టి, అలమరలో పెట్టి తాళం వేశాడు. తర్వాత రెండు రోజులు ఆ తాళంచెవి మొలకి గుచ్చుకుంటూనే ఉంది. మూడో రోజు పొద్దున్నే పరీక్షగది మెట్లెక్కి, బూడిద చూసి రాయి ఎంత పోశామో చెప్పొచ్చా అమ్మా అని అడిగాడు. అంత పొడుగు మాట ఆయన నోటెంట వినడం అదే మొదటిసారి అని మేస్త్రి ఇప్పటికీ చెప్పుకుంటున్నాడు.

పెట్టె తలుపు తెరుచుకుంది. వేడి గాలి మొహానికి కొట్టింది, తడిసిన సున్నం వాసన, కొత్తగా వెల్ల వేసిన గదిలో లాగా. పరీక్షలమ్మ పళ్లెం కాస్త చల్లారనిచ్చి తూకంలో పెట్టింది. మూడొందల నలభై ఒకటి. యాభై దాకా దిగింది, ఇంకో నలభై అయిదు దిగాలి, అక్కడ ఆగాలి. ఆగితే అల్లుడు. ఆగకపోతే తను. ఆగమనాలా, దిగమనాలా. మనసు ఏది కోరుతోందో చూద్దామని లోపలికి చూసుకున్నాడు, అక్కడ ఏమీ లేదు, పళ్లెం ఉంది. పొద్దున ఈవిణ్ణి ఇంకో మాట కూడా అడిగాడు, కాలిపోయినదాని బూడిద తగ్గాలి గానీ పెరగడమేంటమ్మా, అరవై నాలుగు డెబ్బై నాలుగెలా అయింది అని. ఇది కాలిపోవడం కాదు పెద్దాయనా, గ్యాసు పోయింది, నీళ్లొచ్చి కూర్చున్నాయి, పోయినదానికన్నా వచ్చింది ఎక్కువ అంది. సాయంత్రాలు బూడిద బాల్చీ గుంట దాకా మోస్తూ, పొద్దున తెచ్చిన రాళ్ల బాల్చీ కన్నా ఇది బరువెందుకుందా అని ఎన్ని వేల సార్లు అనుకున్నాడో. తడి కదా అనుకున్నాడు. పొద్దుటికన్నా సాయంత్రానికి తను అలిసిపోతాడు కదా అనుకున్నాడు. ముసలితనం అనుకున్నాడు ఈ మధ్య. కాదన్నమాట. బాల్చీ నిజంగానే బరువు. పోయినదానికన్నా వచ్చింది ఎక్కువ. ఈ మాట ఇంటికెళ్లి ఆవిడకి చెప్పాలి, చెబితే ఏమంటుందో కూడా తెలుసు, ఇది కనుక్కోవడానికి ముప్పై ఒక్క ఏళ్లు పట్టిందా అంటుంది.

ఇంట్లో ఆవిడ అనేదేదో మొహమ్మీదే అంటుంది. కూతురు అలా కాదు. మొన్న సాయంత్రం వచ్చింది, చెప్పులు కూడా విప్పలేదు, గుమ్మంలోనే నిలబడింది. "నాన్నా, మంట పెంచలేదని ఆయన ఒట్టేసి చెబుతున్నాడు. అందరూ నవ్వుతున్నారు. నువ్వైనా నమ్ముతావా?" ఆయన ఏమీ అనలేదు. నమ్మలేదు కాబట్టి. మంట పెంచుంటాడనే అనుకున్నాడు ఆయన కూడా, ఊరందరితో పాటే, ఊరందరికన్నా ఒక పిసరు ముందే. కూతురు కాసేపు చూసింది, చూసి వెళ్లిపోయింది. ఆమె నిలబడ్డ చోట చెప్పుల మట్టి రెండు పాదాల ఆకారంలో ఉండిపోయింది, ఇంట్లో ఆవిడ రెండో రోజు దాకా ఊడవలేదు. ఊడవకపోవడం కూడా ఒక మాటే ఆ ఇంట్లో.

మేస్త్రి కునుకు తీస్తున్నాడు. కిటికీలో అల్లుడి మెడ ఇటు తిరిగి మళ్లీ అటు తిరిగింది. ఆ మెడ మీద డ్రమ్ము ఉండింది వరద రోజున. అది గుర్తుకి రావాలనుకోలేదు గానీ వచ్చింది. నీళ్లు గోదాములో మోకాలి దాకా, డ్రమ్ములు ఒకదానికొకటి తగులుకుంటూ తేలుతున్నాయి, ఒకటి ఎక్కడో పగిలి బుసకొడుతోంది పాములాగా. గ్యాసు వాసన. నిప్పు రవ్వ పడితే గోదాముతో పాటు కొండ కూడా లేచిపోతుంది. అందరూ దూరంగా గట్టు మీద. దీపాలాయన ఒక్కడే దిగాడు, తన డ్రమ్ములు కదా. వెనక చప్పుడైతే తిరిగి చూశాడు, అల్లుడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి గట్టు మీదున్నవాడికి విసిరేసి దిగాడు. మామయ్యా, ఈ చీకట్లో నా జానెడు మంట ఉంటే బావుండేది అన్నాడు, పెదాలు వణుకుతుంటే. పదకొండు డ్రమ్ములు మోశారు ఇద్దరూ. పొడిగా మిగిలినవి ఆరు. ఆ ఆరూ ఇన్నాళ్లూ వచ్చాయి, పాత రాయి, సెనగ గింజలంత సన్నపు రాయి, డబ్బా ముంచితే ధాన్యంలో ముంచినట్టు సర్రున వచ్చేది, అరచేతి కింద ఇసకలాగా పరుచుకునేది. అవి అయిపోయి కొత్త డ్రమ్ములు వచ్చి ఎన్నాళ్లయింది. దీపం ఆరిన రోజుకి నాలుగో రోజు. వేరే రంగు అక్షరాలు డ్రమ్ము మీద. మూత తీస్తే లోపల నిమ్మకాయంత రాళ్లు. కొత్త రాయి అనుకున్నాడు, రాయి రాయే కదా అనుకున్నాడు. డబ్బా ముంచితే సర్రుమనలేదు. గలగలమంది.

గలగలమంది.

చెయ్యి మోకాలి మీద వెల్లకిలా తిరిగింది, దానంతట అదే. గలగలమంటే ఏమిటి. సర్రుమన్నప్పుడు డబ్బాలో ఖాళీ లేదు. గలగలమన్నప్పుడు రాయికీ రాయికీ మధ్య చోటుంది. అరచేతితో సాపు చేశాడు, సాపు అవలేదు, రాళ్లు అరచేతికి గుచ్చుకున్నాయి, అయినా నిండింది కదా, అంచు దాకా వచ్చింది కదా, రెండు తట్టులు తట్టాడు, పోశాడు. అంచు దాకా నిండిన డబ్బాలో రాయితో పాటు గాలి పోశాడు. ఒక్క ముప్పై ఏడో నంబరులో కాదు. నలభై రెండింటిలో. ఆ నాలుగు రోజులూ, తర్వాత ఈ మూడు రోజులూ. మొదటి రోజే చివరి గంటలో మంట సన్నబడుతోందని ముగ్గురొచ్చి చెప్పారు, నీళ్ల మర సరిగా పెట్టుకోండి అన్నాడు, ఆ నాలుగు మాటలూ ఎంత తేలిగ్గా వచ్చాయి నోటికి. మిగతావాళ్లు ఆరో గంటకల్లా పైకి ఎక్కడం మొదలుపెడతారు కాబట్టి సరిపోయింది. అట్టడుగున ఎనిమిది గంటలూ ఉండే పని ఆ నాలుగో రోజే పడింది, ఇద్దరికి. జతకి ఒకటే దీపం. అల్లుడు ముందు, పొడుగోడు వెనక.

మూడో తూకం మూడొందల రెండు. మేస్త్రి లేచి కళ్లు నులుముకుని, ఇంకో ఆరు గ్రాములంతే, ఇక ఆగినట్టే, చెప్పాను కదా ఈయన చెయ్యి తప్పదని, అన్నాడు. పరీక్షలమ్మ ఆగలేదింకా అని మాత్రం అంది. పళ్లెం లోపలికి పోయింది. దీపాలాయన అద్దం వైపు చూడ్డం మానేశాడు. బల్ల కింద ఆయన గుడ్డసంచి ఉంది, సంచిలో ఆ డబ్బా ఉంది. పొద్దున వచ్చేటప్పుడు తన తరపు సాక్షిలాగా పట్టుకొచ్చాడు దాన్ని. పిడి మీద తుప్పు, అడుగున ముప్పై ఒక్క ఏళ్ల తట్టులకి పడ్డ సొట్ట. దీంతోనే పోశానమ్మా, ఇది ఎప్పుడూ ఒకటే కొలత అని చెబుదామని. ఒకటే కొలత. మారింది రాయి. కొలతకి అది తెలీదు, కొలిచేవాడికి తెలియాలి. తెలియడానికి బూడిద కావాల్సొచ్చింది, బూడిద కోసం పొడుగోడి తొడ ఎముక కావాల్సొచ్చింది. పొడుగోడి భార్య ఆసుపత్రి వరండాలో ఎదురుపడితే, మీ అల్లుణ్ణి ఏమీ అనకండి పెద్దాయనా, కుర్రతనం అంది. అప్పుడు కూడా ఊరుకున్నాడు. ఊరుకోవడం మంచితనమనుకున్నాడు ఇన్నాళ్లూ, అందరూ అలాగే అనుకున్నారు, మాట తూలని మనిషని.

నాలుగో తూకం రెండొందల యాభై తొమ్మిది. మేస్త్రి తూకం దగ్గరికొచ్చి వంగి చూశాడు, ఆవిడ చేత తీయించి మళ్లీ పెట్టించాడు, అదే. అయిదోది రెండొందల ముప్పై ఒకటి. ఆరోది రెండొందల ఇరవై రెండు. ఏడోది రెండొందల ఇరవై రెండు. పరీక్షలమ్మ కలం తీసింది. రెండొందల ఇరవై రెండులో డెబ్బై నాలుగులు ఎన్ని, మూడు. మూడు అరవై నాలుగులు నూట తొంభై రెండు. పడాల్సింది నాలుగు పాళ్లు, పడ్డది మూడు. ఎనిమిది గంటల్లో మూడు పాళ్లంటే ఆరు గంటలు, దీపం ఆరింది కూడా ఆరో గంటకే. మర సగమే తిప్పి ఉంటేనే ఆ లెక్క సరిపోతుంది, పూర్తిగా తిప్పుంటే నాలుగో గంటకే ఆరాలి. జానెడు మంట లేదు ఆ రోజు. ఒట్టేసి చెప్పాడు కదా. ఎందుకు పెంచలేదో కూడా తెలుసు ఈయనకి. వరద తర్వాత నుంచి అతను మర సగమే తిప్పుతున్నాడు, గోదాములో బుస విన్న మనిషి. సాయంత్రాలు కిటికీ దగ్గర దీపం అందుకుంటూ ఆ మర రోజూ చూస్తూనే ఉన్నాడు తను. చూసింది లెక్కలోకి తీసుకోలేదు.

మేస్త్రి తలుపు దాకా వెళ్లి, బయటికి ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. మేస్త్రి చెప్పింది తిన్నగానే ఉంది. దీపంలోంచి బూడిద గీకేటప్పుడు కాస్త కింద పడుండొచ్చు, పడిందని ఒక్క మాటంటే ఈ తూకం చెల్లదు, తూకం చెల్లకపోతే ఇద్దరి మీదా ఏమీ ఉండదు, దీపం పాతదని రాసేస్తారు, అల్లుడి పనీ పోదు, నీ గదీ పోదు. ఆవిడ కలం పట్టుకుని ఊరికే కూర్చుంది, వినలేదన్నట్టు కాదు, విన్నానన్నట్టూ కాదు.

"ఏమంటావు? గీకేటప్పుడు పడింది కదూ?"

చెడ్డ మాటేం కాదు. అల్లుడు నిలబడతాడు, తను నిలబడతాడు. పొడుగోడు ఎలాగూ పడుకునే ఉంటాడు. రేపు పొద్దున మళ్లీ నలభై రెండు దీపాలు. దీపాలు పాతవని రాసుకుంటే ఎవరూ డబ్బా వైపు చూడరు. డ్రమ్ములో రాయి ఇంకా సగానికి పైగా ఉంది, నిమ్మకాయంతవి. అరచేతికి గుచ్చుకునేవి. తను ఒక్కడే పోస్తాడనుకున్నా, జాగ్రత్తగా ఇంకో గుప్పెడు వేస్తాడనుకున్నా, తను రాని రోజున ఇంకొకడు అదే డబ్బా ముంచుతాడు, అంచు దాకా. ఆపైన అల్లుడు మంట పెంచే మనిషన్న మాట ఒకటుంది, అది కాగితం మీద ఉండదు కాబట్టి ఏ కాగితమూ దాన్ని కొట్టెయ్యలేదు.

"పడలేదు," అన్నాడు దీపాలాయన. కాస్త ఆగి, "గుడ్డ పరిచి గీకాను. గుడ్డ కూడా దులిపాను. ఈవిడ చూసింది."

మేస్త్రి నిట్టూర్చి కుర్చీలో కూలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్లు నోరు తెరవని మనిషివి, ఇప్పుడే దొరికిందా నీకు అన్నాడు, కోపంగా కూడా కాదు. ఆయన సంచిలోంచి డబ్బా తీసి తూకం పక్కన పెట్టాడు. పొద్దున పరీక్ష కోసం తెచ్చిన కొత్త రాయి మూత బిగించిన సీసాలో ఇంకా ఉంది, దాన్ని డబ్బాలో ఒంపాడు, గలగలమంది, అరచేత్తో సాపు చేశాడు, బల్లకేసి రెండు తట్టులు తట్టాడు. డబ్బా బరువు తీసేసి చూస్తే నూట తొంభై నాలుగు. పరీక్షలమ్మ ఆ అంకె వైపు, డబ్బా వైపు, తర్వాత ఆయన వైపు చూసింది. సన్న రాయైతే రెండొందల యాభై ఆరు పట్టేది అమ్మా అన్నాడు, ఇది పట్టదు, రాయి మారింది, నేను చూసుకోలేదు. ఆవిడ అది కూడా రాసింది, ఆయన చెప్పినట్టే, ఒక్క మాట మార్చకుండా. కింద వేలిముద్ర వెయ్యబోయింది చెయ్యి, అలవాటుగా. తర్వాత కలం అడిగి తీసుకుని, మూడు తరగతులు నేర్పినంత మేరకి, పేరు రాశాడు.

తలుపు తీసి బయటికొచ్చాడు. ఎండ ఇంకా ఉంది. అల్లుడు మెట్ల మీంచి లేచి నిలబడ్డాడు, మొహంలోకి చూడకుండా చేతుల వైపు చూశాడు, చేతుల్లో ఏదైనా కాగితం ఉందేమోనని. మామ పక్కనే నిలబడి గని నోటి వైపు చూస్తూ, నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. మర తిప్పడానికి అంత సేపు పట్టింది.

"నువ్వు మంట పెంచలేదు. నేను తక్కువ పోశాను. నిన్ను నమ్మలేదు కూడా."

ఎంత తక్కువ మామయ్యా అని అడిగాడు అల్లుడు. నాలుగో వంతు అన్నాడు ఆయన. అల్లుడు తలూపి, ప్యాంటు దులుపుకుని, పొడుగోడి దగ్గరికి ఆసుపత్రికెళ్లాడు. వెంట రమ్మనలేదు. ఈయన వెళ్లనూ లేదు, ఆ పూటకి. నిన్ను ఉంచాలో తీసెయ్యాలో పెద్ద ఇంజనీరు వారంలో చెబుతాడని మేస్త్రి వెనక నుంచి అన్నాడు, అప్పటిదాకా గది ఎవరు చూస్తారో మాత్రం చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఆయన గంట ముందే వెళ్లాడు. పరీక్షలమ్మని అడిగి తెచ్చుకున్న పాత తక్కెడ దీపాల గది కిటికీలో, బయటివాళ్లకి ముల్లు కనపడేలా వేలాడదీశాడు. రెండొందల యాభై ఆరుకి సరిపడే తూనికరాయి లేదు, ఉన్నవాటితో జోడించి తూచుకుని, ఒక గులకరాయిని గచ్చు మీద అరగదీసి సరిగ్గా దానికి సమం చేశాడు. పాత డబ్బాని సుత్తితో పల్చగా కొట్టి తుక్కులో వేశాడు. తర్వాత ఒక్కో దీపానికీ తూచి పోశాడు, రాయి రాయి ఏరి, ముల్లు నిలబడేదాకా. బయట వరస గేటు దాకా పెరిగింది, ఇవాళ దీపాలాయన బంగారం తూస్తున్నాడురా అన్నారెవరో. ముప్పై ఏడో నంబరు వంతు వచ్చింది. పోసి, మూత బిగించి, కిటికీలోంచి అందించాడు. అల్లుడు దీపం అందుకోలేదు.

"ఇంకోసారి తూయండి మామయ్యా, నేను చూడలేదు."

ఆయన మూత విప్పి, రాళ్లు తిరిగి పళ్లెంలో పోసి, గులకరాయి పెట్టి, ముల్లు నిలబడ్డాక చెయ్యి వదిలి చూపించాడు. అల్లుడు చూసి దీపం తీసుకున్నాడు. వెనకున్నవాడు నాది కూడా అన్నాడు. వాడి వెనకున్నవాడూ అన్నాడు. మిగిలిన దీపాలన్నీ ఆయన రెండేసిసార్లు తూచాడు. ఆ రోజు షిఫ్టు గంటంపావు ఆలస్యంగా దిగింది.